అద్దకపు నీటిలోని లోహాలను మొక్కలు పట్టగలవా?

చేనేత సహకార సంఘ కార్యదర్శి, నాగావ్

నాగావ్‌లోని మన నేత కుటుంబాల మధ్య ఇటీవల ఒక మాట తరచుగా వినవస్తున్నది. రంగుల కార్ఖానాల మురుగు పారే చోట జమ్ము, వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కలు నాటి ఒక మడి కట్టితే, అవి నీటిలోని విషపు లోహాలను పీల్చివేసి నీటిని మళ్ళీ పనికివచ్చేటట్లు చేస్తవని. ఖర్చు తక్కువ, కరెంటు అక్కరలేదు, పచ్చగా కంటికి ఇంపుగా కూడ ఉంటుందని చెప్పేవారు చెబుతున్నారు. స్వస్థలాలలో అద్దకపు షెడ్లున్న సంఘాలవారు కూడ ఇదే సంగతి అడుగుతున్నారు. చందాలు పోగుచేయక మునుపే ఇందులో నిజమెంతో తెలుసుకోవడం మంచిది గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

జవాబు ముందుగా చెప్పి కారణాలు తరువాత చెబుతాను. మొక్కల మడి బూటకం కాదు. అనేక దేశాలలో పని చేస్తున్నది, మన తెలుగుగడ్డ మీద కూడ పని చేస్తున్నది. ఐతే లోహం విషయంలో అది చేసే పని మాయం చేయడం కాదు, ఒక చోట కూడబెట్టడం. కూడబెట్టిన దానిని ఎవరు తీయాలి, ఎక్కడ వేయాలి అన్నది తేల్చుకోకుండ మడి కట్టడమంటే, వీధిలోని విషాన్ని తెచ్చి పెరటిలో దాచుకోవడమే.

మన సాంచాలపై నేసేది చాలవరకు కోరా గుడ్డ. సాంచె తిరిగినంత మాత్రాన నీటిలో లోహం కలవదు. నీరు చెడేది రెండు చోట్ల. ఒకటి పడుగుకు గంజి పట్టే సైజింగులలో, రెండవది నూలుకో గుడ్డకో రంగు వేసే కార్ఖానాలలో. ఈ రెండు నీళ్ళూ మోరీలో కలిసిన తరువాత ఒకటిగానే కనిపిస్తవి గాని వాటి గుణాలు వేరు. గంజినీరు కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినివేస్తుంది, కంపు కొడుతుంది, చేపలు చస్తవి. కాని కుళ్ళి కుళ్ళి చివరకు పోతుంది. లోహం కుళ్ళదు. నూరేండ్లకైనా అది లోహంగానే ఉంటుంది. పూర్వం గంజి బూజు పట్టకుండ మైలుతుత్తమో, జింకు క్లోరైడో కలిపే అలవాటుండేది. అటువంటి గంజిలో మాత్రం రెండు దోషాలూ ఉన్నట్లే.

రంగులలో లోహం ఎక్కడ నుండి వస్తుంది? ఫిరోజీ రంగులలో చాలవాటికి రాగి ఆ రంగు నిర్మాణంలోనే ఇమిడి ఉంటుంది. నేవీ, నలుపు రంగులలో కొన్నిటిలో రాగి, క్రోమియం, కోబాల్టు ఉంటవి. డైరెక్టు రంగులు ఉతుకులో పోకుండ నిలవడానికి చివరి తొట్టిలో మైలుతుత్తం వేయడం పాత పద్ధతి. గంధకపు రంగులు తేలడానికి, ఉన్నికి క్రోము రంగులు పట్టించడానికి వాడే బైక్రోమేటు, అనగా ఆ నారింజరంగు పలుకులు, అన్నిటిలోనూ చెడ్డది. నీలిమందు తొట్టిని జింకుపొడి, సున్నంతో పండించేవారు; ఆ జింకు కూడ చివరకు నీటిలోనే చేరేది. సహజ రంగులు వాడుతున్నాము గనుక మాకు ఈ బాధ లేదనుకునే సోదరులు కూడ ఒకసారి చూసుకోవలెను. చెట్టుబెరడు సహజమే, పటిక కూడ ఇక్కడ చెప్పే భార లోహాలలో చేరదు. కాని రంగు నిలపడానికి మైలుతుత్తమో, బైక్రోమేటో వేస్తే తొట్టిలో మిగిలేది అదే విషం.

కంటిని నమ్మడానికి వీలులేదన్న సంగతి మన ఆడవారికి, పిల్లలకు కూడ చెప్పవలెను. ఎర్రగా పారే నీటిలో లోహం ఏమీ ఉండకపోవచ్చును. తేటగా కనిపించే నీటిలో రాగి, జింకు కరిగి ఉండవచ్చును. మడి నుండి బయటికి వచ్చే నీరు తెల్లగా ఉన్నదని సంతోషించి పశువులకు పెట్టరాదు.

క్రోమియంలో రెండు రూపాలున్నవని అద్దకం పనివారందరూ తెలుసుకోదగినది. బైక్రోమేటులో ఉండేది ఆరవ రూపం. అది నీటిలో ఇట్టే కరిగి నీటితో పాటు భూమిలోకి దిగిపోతుంది. చేతులకు తగిలితే పుండ్లు పడతవి, పొడి పీల్చితే ఊపిరితిత్తులలో పుట్టకురుపు పుట్టిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ శాఖవారు నిర్ధారించి ఉన్నారు. మూడవ రూపం అంత చెడ్డది కాదు, నీటిలో సులభంగా కరగదు, మట్టిని అంటుకుని ఉంటుంది. మన దేశపు నిబంధనల ప్రకారం వాగులలోకి వదిలే నీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు, అందులో ఆరవ రూపం 0.1 మిల్లీగ్రాము దాటరాదు. రాగి 3, జింకు 5. తాగే నీటికైతే క్రోమియం 0.05 మిల్లీగ్రాము మాత్రమే. వదలదగిన నీటికి, తాగదగిన నీటికి మధ్య క్రోమియం విషయంలో 40 రెట్ల తేడా ఉన్నదన్న మాట. చట్టప్రకారం సరిగా ఉన్న నీరు కూడ బావికి చేరితే సరికాదు.

ఇక మడి సంగతి. 1950 ప్రాంతాలలో జర్మనీలో కేతె జైడెల్ అనే శాస్త్రజ్ఞురాలు చెరువులలో పెరిగే తుంగజాతి మొక్కలు మురికినీటిలో బ్రతకడమే గాక ఆ నీటిని బాగుచేస్తున్నవని ప్రయోగాలు చేసి చూపినారు. తోటివారు చాలమంది మొదట నమ్మలేదు. ఆమె తరువాత రైన్‌హోల్డ్ కికూట్ అనే ఆయన పద్ధతిని పెంచి, 1974లో ఓత్‌ఫ్రెజెన్ అనే ఊరి మురుగునీటికి పెద్ద మడి కట్టించినారు. ఇప్పుడు ప్రపంచమంతట ఇట్టివి వేలకొలది ఉన్నవి.

కట్టే విధానం మన రైతుకు కొత్త కాదు. నేలను రెండు మూడడుగుల లోతు త్రవ్వి, అడుగున నీరు ఇంకకుండ మందమైన ప్లాస్టిక్ పట్టా గాని బంకమన్ను గాని పరచి, పైన కంకర నింపుతారు. అందులో ఏనుగుజమ్ము, కిక్కిస గడ్డి, మెట్టతామర, వట్టివేరు నాటుతారు. మురికినీరు ఒక చివర ప్రవేశించి, కంకరలోపల వేళ్ళ మధ్యగా మెల్లగా నడిచి, కొన్ని దినాలకు రెండవ చివర బయటపడుతుంది. కలంకారీవారు గుడ్డను పారే నీటిలో ఉతికి తేటపరచినట్లు కాదు ఇది. ఇక్కడ నీరే ఆగి ఆగి నడవాలి. తొందర పెడితే పని జరగదు.

లోపల జరిగేదేమిటంటే, పనిలో పెద్ద భాగం మొక్కది కాదు, వేళ్ళను అంటుకుని ఉండే సూక్ష్మజీవులది, కంకర అడుగున చేరే నల్లని బురదది. జమ్ము వంటి మొక్కలు గాలిని ఆకుల నుండి వేళ్ళకు పంపుతవి. వేళ్ళ చుట్టు ఇనుము తుప్పులాగ పేరుకుంటుంది, ఆ తుప్పును ఇతర లోహాలు అంటుకుంటవి. వేళ్ళకు దూరంగా గాలి లేని చోట మరొక జాతి సూక్ష్మజీవులు నీటిలోని గంధకపు లవణాలను మార్చి కుళ్ళిన గ్రుడ్డు వాసన గల పదార్థం పుట్టిస్తవి. అది రాగితోను, జింకుతోను కలిసి కరగని నల్లని మడ్డి అవుతుంది. ఆరవ రూపపు క్రోమియం ఆ బురదలో మూడవ రూపానికి మారి అడుగున పట్టుకుంటుంది. మొక్క తన ఒంటిలోకి తీసుకునేది మిగిలినదానిలో చిన్న వాటా. అందులోను ఎక్కువ వేళ్ళలోనే ఉండిపోతుంది, ఆకులకు ఎక్కేది స్వల్పం.

లోహాన్ని నిజంగా కడుపునిండ త్రాగే చెట్లు కూడ లోకంలో ఉన్నవి. పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టుకు గాటు పెడితే పాలు నీలిపచ్చగా కారుతవి. ఎండబెట్టితే ఆ పాలలో నాలుగవ వంతు వరకు నికెల్ లోహమే. ఒక జాతి ఫెరను మొక్క పాషాణాన్ని ఆకులలో కూడబెడుతుందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడావారు కనుగొన్నారు. మన ఆవమొక్కకు కూడ సీసం వంటివి పీల్చే గుణం కొంత ఉన్నది. చెర్నోబిల్ అణు ప్రమాదం తరువాత అక్కడి ఒక చెరువులో తెప్పల మీద పొద్దుతిరుగుడు మొక్కలు పెంచి, నీటిలోని అణుధార్మిక పదార్థాలను వేళ్ళతో పట్టించినారు. ఈ వింతలు చదివిన వారే మన దగ్గరికి వచ్చి మొక్కలు విషం త్రాగుతవని చెబుతున్నారు. వారు చెప్పేది అబద్ధం కాదు గాని, మురుగుమడిలో పెరిగే జమ్ముకు ఆ శక్తి లేదు. ఉన్నంతలో లెక్క వేసి చూడవచ్చును.

సంఘం లెక్కలు వ్రాసే అలవాటు చొప్పున దీనిని కూడ జమా ఖర్చు కట్టి చూద్దాము. ఆర్జెంటీనా దేశంలో సాంతా ఫే ప్రాంతంలో చేతి పనిముట్లు చేసే కర్మాగారం ఒకటి 2002 ప్రాంతంలో ఇట్టి మడి కట్టుకున్నది. దాని పొడవు 50 మీటర్లు, వెడల్పు 40 మీటర్లు, అనగా మన లెక్కలో సుమారు 20 గుంటలు. దినానికి లక్ష లీటర్ల నీరు అందులోకి పోయేది, 7 నుండి 12 దినాలు లోపల ఉండేది. నాటిన మొక్కలలో చాలవరకు ఆ ఉప్పు, క్షారం గల నీటికి ఆగలేక పోయినవి, చివరకు జమ్ము ఒక్కటే నిలిచి మడి అంతా ఆక్రమించినది. అక్కడి శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన లెక్క ప్రకారం వచ్చిన క్రోమియంలో నూటికి 86 వంతులు, నికెల్‌లో 67 వంతులు మడిలోనే ఆగినవి. మెచ్చుకోదగిన పనే. ఐతే వారు ముందు కొంత శుద్ధి చేసిన నీటినే మడిలోకి పంపినారన్నది మరువరాదు.

ఆ లెక్కను మన కొలతకు దించితే 5,000 లీటర్లకు ఒక గుంట నేల కావలెను. కిలో నూలుకు రంగు, ఉతుకులు అన్ని కలిపి 100 లీటర్లు అనుకుంటే ఇది 50 కిలోల నూలుకు సరిపోయే నీరు. చిన్న అద్దకపు షెడ్డు ఒక దినం పని. ఆ నీటిలో చట్టం అనుమతించినంత క్రోమియమే, లీటరుకు 2 మిల్లీగ్రాములే ఉన్నదనుకుందాము. దినానికి 10 గ్రాములు. ఏటికి 300 పనిదినాలైతే 3 కిలోలు. నూటికి 86 వంతులు ఆగితే సుమారు రెండున్నర కిలోలు ఆ గుంట నేలలో జమ. ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాము. గుంట మడిలో ఏటికి 200 కిలోల ఎండు జమ్ము కోసినామనీ, కిలోకు 100 మిల్లీగ్రాముల క్రోమియం ఆ గడ్డిలో ఉన్నదనీ అనుకుందాము. ఇది మొక్కకు అనుకూలంగా వేసిన లెక్కే. మొత్తం 20 గ్రాములు. రెండున్నర కిలోలు లోపలికి వస్తే, 20 గ్రాములు కోతలో బయటికి పోయినవి. తక్కినదంతా బురదలోనే. పదేండ్లకు పాతిక కిలోల క్రోమియం ఒక గుంటలో పేరుకుంటుంది. జమా ఉండి ఖర్చు లేని ఖాతా ఎప్పటికైనా నిండుతుంది.

ఈ లెక్కను మడి వద్దనడానికి చెప్పడం లేదు. మూడు కిలోలు కామ్వారి నదిలో కలవడం కన్న రెండున్నర కిలోలు పట్టా వేసిన గుంటలో నిలవడం ఎంతో మేలు. కాని నిలిచిన సంగతి అందరికీ తెలిసి ఉండవలెను. ఇంకొకరికి ఆ నేల అమ్మినప్పుడు కూడ తెలియవలెను.

తెలుగు ప్రాంతంలో ఉన్న మంచి ఉదాహరణలు చెబుతాను. హైదరాబాదు ప్రక్కన మణికొండ దగ్గరి నెక్నాంపూర్ చిన్నచెరువులో 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడినేలల దినం నాడు, నీటిపై తేలే మడి ఒకటి ప్రారంభించినారు. ధ్రువంశ్ అనే స్వచ్ఛంద సంస్థవారు అధికారుల సహాయంతో చేసిన పని అది. అడుగున వెదుళ్ళు, పైన థర్మోకోల్, దానిపై గోనెసంచులు, ఆపైన కంకర. 3,000 చదరపు అడుగుల తెప్ప మీద జమ్ము, వట్టివేరు, మెట్టతామర మొదలైనవి సుమారు 3,500 మొక్కలు నాటినారు. వేళ్ళు క్రింద నీటిలో వ్రేలాడుతూ మురికిని తింటవి. ఇక పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారు 2012లో మొదలైన ఒక భారత-ఐరోపా పథకం క్రింద మురుగునీటికి కంకర మడులు కట్టి పరీక్షించినారు. శంకరపల్లి మండలం కొత్తపల్లి గ్రామంలో ఊరి మురుగును అట్టి మడి గుండా నడిపి ఆ నీటిని పొలాలకు వాడించినారు. ఇక్కడ ముంబయిలో కలీనాలోని విశ్వవిద్యాలయ ఆవరణలో కూడ నాగపూరు నీరీ సంస్థవారి ఫైటోరిడ్ పద్ధతి మడి ఉన్నది. వీలున్నవారు వెళ్ళి చూసి రావచ్చును, లోకల్ బండిలో పోయివచ్చే దూరమే.

కాని ఇవన్నీ ప్రధానంగా ఇండ్ల మురుగుకు కట్టినవని గమనించవలెను. ఇండ్ల మురుగులో ఉండేది మొక్కకు ఎరువు. సూక్ష్మజీవులు దానిని తిని గాలిలోకి పంపుతవి, మొక్క తిని పెరుగుతుంది, కోసి పారవేస్తే పోతుంది. ఆ ఖాతాకు జమ ఉన్నట్లే ఖర్చు కూడ ఉన్నది. అదే పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసినప్పుడు ఏ జమ్మూ ఆపలేకపోయినది; వాగు పాడై, పంటలు పాడై, 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చినది. కొత్తపల్లి మడి చూపించి రంగునీటికి కూడ ఇంతే అని చెప్పేవారిని ఈ ఒక్క ప్రశ్న అడగవలెను: లోహం చివరకు ఎక్కడికి పోతుంది?

ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో వీల్ జేన్ అనే తగరపు గని మూతపడి, పంపులు ఆపివేసిన తరువాత 1992 జనవరిలో గనిలోని లోహపు నీరు పొంగి సముద్రపు పాయను నారింజరంగుకు మార్చినది. అక్కడ 1994లో జమ్ము మడులు కట్టి చాల శ్రద్ధగా పరీక్షించినారు. కాని ఆ నీటి పరిమాణానికి చివరకు 2000లో సున్నం కలిపి లోహాన్ని అడుగున దింపే కర్మాగారమే పెట్టినారు. సున్నం మనకు కొత్త సరుకా?

మరొక అడ్డంకి ఉప్పు. రియాక్టివ్ రంగులకు వేసే ఉప్పు ఎంతో అద్దకంవారికి తెలుసు. ఆ ఉప్పును ఏ జమ్మూ, ఏ తుంగా తీయలేదు. మించితే మొక్కలే మాడిపోతవి. తిరుప్పూరులో జరిగినదదే. నోయ్యల్ నది మీద రైతుల కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట 1992లో పూర్తికాగా, అందులో నిలిచినది అద్దకపు ఉప్పునీరు. ఆ నీటితో పైరు పండించే రైతు లేకపోయినాడు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు కార్ఖానాలను మూయించినప్పుడు ఎన్ని వేల ఇండ్లలో పొయ్యి ఆరినదో మనం ఊహించుకోగలం. అక్కడి కోర్టు ఆజ్ఞ ఇక్కడికి రాదనే భరోసా ఎవరికీ లేదు. కూలి పోయేది ముందు కార్మికునిదే.

నాగావ్ విషయానికి వస్తే స్థలమే మొదటి ప్రశ్న. సాంచాలకు, మనుషులకు చాలని చోట గుంటకు గుంట నేల ఎక్కడ? ఏదైనా పల్లపు జాగా దొరికినా వానాకాలం ఉన్నది. భివండీ వానలు మనకు తెలియనివి కావు. 2005 జూలై 26 నాటి వరద చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. నదీనాకా వైపు కామ్వారి పొంగినప్పుడు నీరు ఇండ్లలోకి వస్తుంది. ఏండ్ల తరబడి లోహం కూడబెట్టిన మడి అట్టి పల్లంలో ఉంటే ఒక్క రాత్రి వరదకు ఆ బురదంతా వంటిండ్లలోకి వస్తుంది. కావున ఇక్కడ మడి కట్టితే ఎత్తు గట్లుండవలెను, వాననీరు ప్రవేశించకుండ చుట్టు కాలువ ఉండవలెను. అంత స్థలం, అంత ఖర్చు ఒక్క షెడ్డువారి వల్ల కాదు. సరవలి వంటి పారిశ్రామిక వాడలో నలుగురూ కలిసి చేయదగిన పని గాని నాగావ్ గల్లీలో చేయదగినది కాదని నా అభిప్రాయం. స్వస్థలాలలో నేల ఉన్న సంఘాలకు వీలు ఎక్కువ. కాని అక్కడ ఊరి చెరువు, తాగే బావి దగ్గర ఉంటవి గనుక అడుగున పట్టా విషయంలో అంతకంత జాగ్రత్త కావలెను.

గుర్రపుడెక్క గురించి ఒక మాట. ఉల్హాస్ నదిలో అది దట్టంగా అల్లుకోవడం మనం చూస్తున్నాము. అది లోహాలను వేళ్ళలో పట్టుతుందన్నది నిజమే. కాని తీయకుండ వదిలితే అక్కడే చచ్చి, కుళ్ళి, పట్టినదంతా తిరిగి నీటికే ఇచ్చివేస్తుంది. వడ్డీ లేకుండ అసలు తిరిగి ఇచ్చే నమ్మకస్థుడైన బాకీదారు. దానిని తెచ్చి మడిలో వేయకండి. ఒక మడి నుండి పది చెరువులకు పాకుతుంది.

కోసిన గడ్డి ఏమి చేయాలన్నదే అన్నిటికన్న ముఖ్యం. హైదరాబాదు దిగువన మూసీ నీటితో పారాగడ్డి విస్తారంగా పెంచి పాడిపశువులకు అమ్మడం ఎంతోకాలంగా ఉన్నది. మురుగునీటి గడ్డిలో ఏమేమి చేరుతున్నవో, పాలలోకి ఏమి వస్తున్నవో అని శాస్త్రజ్ఞులు పరిశోధించవలసి వచ్చినది. ఊరి మురుగు గడ్డికే ఇంత ఆలోచన ఉంటే అద్దకపు మడి గడ్డి సంగతి చెప్పనక్కరలేదు. పచ్చగా ఏపుగా ఉన్నదని గేదెకు వేయరాదు. ఎరువుకు వేయరాదు. చాపలు, తడికెలు అల్లరాదు. పొయ్యిలో పెట్టరాదు, కాల్చితే లోహం పోదు, బూడిదలో చిక్కబడుతుంది, కొంత పొగలో కలుస్తుంది. పేద కుటుంబానికి ఊరికే దొరికే గడ్డిని వద్దనడం కష్టమని నాకు తెలుసు. అందుకే మడికి కంచె, తాళం ఉండవలెనంటున్నాను. అట్టి గడ్డి, బురద చేర్చడానికి ప్రమాదకర వ్యర్థాల స్థలాలు ఏర్పరచి ఉన్నవి. ఇక్కడివారికి తలోజాలోను, హైదరాబాదు వైపువారికి దుండిగల్‌లోను ఉన్నవి. వారు తీసుకునే రుసుము, బండి కిరాయి మడి ఖర్చులో మొదటనే చేర్చకపోతే అంచనా తప్పుడు అంచనా.

మరి మనం చేయగలిగినదేమిటి? లోహాన్ని తొట్టి దగ్గరనే ఆపడం. గంధకపు రంగులకు, వ్యాట్ రంగులకు బైక్రోమేటు బదులు హైడ్రోజన్ పెరాక్సైడుతో పని జరుగుతుంది. మైలుతుత్తం బదులు రంగు నిలిపే ఇతర మందులు బజారులో దొరుకుతున్నవి. కొంచెం ఖరీదు ఎక్కువ కావచ్చును, ఛాయలో కొంచెం తేడా రావచ్చును. సేట్లతో ముందుగా మాట్లాడుకుంటే తగవు రాదు. రంగు కొనేటప్పుడు ఇందులో రాగి, క్రోమియం ఉన్నవా అని అడిగి, కంపెనీవారి కాగితం తీసుకోవలెను. కాగితం ఇవ్వని రంగు కొనవద్దు.

ఎక్కడైనా బైక్రోమేటు వాడక తప్పకపోతే ఆ తొట్టి నీటిని మోరీలోకి వదలక వేరే డ్రమ్ములో పట్టవలెను. తొట్టినీరు కొద్దిది, ఉతుకునీరు చాల. కొద్దిదానిని శుద్ధి చేయడం సులభం, రెండూ కలిపిన తరువాత కష్టం. అన్నభేది మన పెద్దలు నలుపు రంగుకు వాడినదే. అది ఆరవ రూపపు క్రోమియాన్ని మూడవ రూపానికి మార్చుతుంది. నీటిలో పులుపు ఉన్నప్పుడు ఈ మార్పు త్వరగా జరుగుతుంది. తరువాత సున్నం కలిపితే క్రోమియం, రాగి, జింకు మడ్డిగా అడుగుకు దిగుతవి. పైన తేరిన నీటిని అప్పుడు మడిలోకి పంపవచ్చును. ఇది తెలిసినవారి చేతి క్రింద, చేతికి తొడుగులు వేసుకొని చేయవలసిన పని. పిల్లలను దగ్గరికి రానీయరాదు. దిగిన మడ్డి కూడ తలోజాకు, దుండిగల్‌కు పోవలసినదే. ఐతే అది ఒక సంచికి సరిపోతుంది, గుంట బురద కాదు.

గంజినీటికి, చివరి ఉతుకుల నీటికి మడి చక్కగా పనికివస్తుంది. సైజింగులవారు మొదట అక్కడ ప్రయత్నిస్తే మంచిదనిపిస్తున్నది. లోహం లేని గంజియైతే గడ్డి భయం కూడ ఉండదు.

ఎవరైనా మడి కట్టిస్తామని వస్తే సంఘంవారు ఒప్పందంలో వ్రాయించుకోదగినవి: లోపలికి పోయే నీటిలోను, బయటికి వచ్చే నీటిలోను మొత్తం క్రోమియం, ఆరవ రూపపు క్రోమియం, రాగి, జింకు ఎంతెంత ఉన్నవో గుర్తింపుగల పరీక్షశాలలో ఏటికి రెండుసార్లు, ఒకసారి వేసవిలో, ఒకసారి వానలలో, చూపించవలెను. మడి బురదలో ఎంత చేరినదో ఏటికొకసారి. దగ్గరి బావినీరు మడి కట్టక ముందు ఒకసారి, తరువాత ప్రతి ఏడు. నమూనా తీసేటప్పుడు సంఘం తరపున ఒకరు దగ్గర ఉండి, సీసాపై తేదీ, వేళ వ్రాసి సంతకం చేయవలెను. ఏ రంగు వేస్తున్న దినం నమూనా తీసినారో కూడ వ్రాయవలెను. తెల్లనూలు ఉతికే దినం తీసిన నీటికి క్రోమియం ఎక్కడ నుండి వస్తుంది?